నాటకంలో జ్వరమొచ్చిన మనిషి దెయ్యంలా కాకుండా రోగిలా కనిపించాలంటే

గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ళ యువజన బృందం మలేరియా మీద తెలుగులోనూ ఒడియాలోనూ వీధినాటకం వేస్తోంది. అదే కథను ఫోన్‌తో షార్ట్ ఫిల్ముగా కూడా తీస్తోంది. తండ్రి పాత్రకు జ్వరం వస్తుంది, ముదురుతుంది, చివరికి కోలుకుంటాడు. ముఖానికి తెల్ల పౌడరు, కళ్ళ కింద కాటుక పెడితే రిహార్సల్ చూసినవాళ్ళు దెయ్యంలా ఉన్నాడని నవ్వారట. లాటెక్సు (చర్మంలా ఆరే రబ్బరు ద్రవం), ప్రోస్థటిక్సు (ముఖానికి అతికించే కృత్రిమ భాగాలు) లాంటివి కొనాలా, తక్కువ ఖర్చులో నిజమైన రోగిలా చూపించే దారి ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. లాటెక్సు అక్కర్లేదు, మీ కథకు ముఖం మీద ఏదీ అతికించే పని లేదు. రోగి ముఖం కావాలంటే ఆరోగ్యం ఇచ్చిన ఎరుపునూ నిగారింపునూ తీసేయాలి. పెదవుల్లో, చెంపల్లో, చెవి తమ్మెల్లో ఉండే ఎరుపు పోతే సగం పని అయినట్టే. మిగతా సగం, ఆ మనిషికి ఏ జబ్బు, ఆ సీనులో అది ఎంతదాకా వచ్చింది అనేది ముందే తేల్చుకోవడం. ఈ రెండూ చేస్తే ఒక క్రీమ్ ఫౌండేషన్, రెండు మూడు రంగులు, కాస్త గ్లిజరిన్‌తో మీ నాటకం నడిచిపోతుంది.

నేను రాయగడలో ఉంటాను. ఇటు పర్లాకిమిడి, గుణుపురం, అటు బరంపురం దాకా తెలుగు పద్యనాటకాలకు, ఒడియా జాత్రా బృందాలకు, ఆరోగ్య ప్రచార నాటకాలకు మేకప్ చేస్తుంటాను. ఈమధ్య షార్ట్ ఫిల్ములు ఎక్కువయ్యాయి. రాక్షసుడి వేషం వేయమంటే ఎవరైనా ఉత్సాహంగా వేస్తారు. జ్వరమొచ్చిన మనిషిని వేయమంటేనే తడబడతారు. మన ఊళ్ళలో చలిజ్వరం, కామెర్లు చూడని ఇల్లు లేదు కాబట్టి ప్రేక్షకులకు రోగి ఎలా ఉంటాడో బాగా తెలుసు. తేడా ఉంటే వెంటనే పట్టేస్తారు.

తెల్ల పౌడరు ఎందుకు పనికిరాదు

చామనఛాయ చర్మంలో రెండు రంగులు కలిసి ఉంటాయి. పైన మెలనిన్ ఇచ్చే గోధుమరంగు, దాని కింద నెత్తురు ఇచ్చే ఎరుపు. మనిషికి రక్తం తగ్గినప్పుడు ఎరుపు పోతుంది, గోధుమరంగు అలాగే ఉంటుంది. అందుకే మనవాళ్ళ ముఖం పాలిపోతే తెల్లబడదు. బూడిద కలిసినట్టు, కొంచెం పసుపు తిరిగినట్టు, కాంతి లేకుండా అవుతుంది. తెల్ల పౌడరు గోధుమరంగును కూడా కప్పేస్తుంది. మలేరియా అయినా టీబీ అయినా నాలుగు రోజుల్లో మనిషి ఒంటిరంగును అలా మార్చదు. చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఇది మనిషి ముఖం కాదని మాత్రం తెలిసిపోతుంది.

ఒక నర్సింగ్ స్కూల్లో విద్యార్థుల శిక్షణ కోసం కొందరిని రోగుల్లా తయారు చేసే పని చేశాను. అక్కడి టీచరమ్మ రక్తం తక్కువైందో లేదో చూడటానికి చెంపలు చూడలేదు. కింది రెప్ప లాగి లోపలి వైపు, నాలుక, గోళ్ళు, అరచేతి గీతలు చూశారు. చర్మం రంగు ఏదైనా ఈ చోట్ల నెత్తురు కనిపిస్తుంది. రెప్ప లోపలికి, నాలుకకు మనం రంగు వేయలేం. గోళ్ళకు, అరచేతులకు మాత్రం వేయొచ్చు, కానీ చాలామంది వాటిని వదిలేస్తారు. ముఖం పాలిపోయి ఉంటుంది, మాత్ర అందుకోవడానికి చెయ్యి చాపితే అరచెయ్యి నిగనిగలాడుతుంది. అక్కడితో సీను పోతుంది.

చేసే పద్ధతి ఇది. నటుడి సొంత ఛాయకు సరిపోయే క్రీమ్ ఫౌండేషన్ లేదా పాన్‌స్టిక్ (కడ్డీలా వచ్చే ఫౌండేషన్) తీసుకోండి. ఎరుపు తిరిగిన షేడు వద్దు, కొంచెం పసుపు వైపు ఉన్నది చూడండి. బఠాణీ గింజంత ఫౌండేషన్‌కు ఆవగింజంత ఆకుపచ్చ క్రీమ్ రంగు కలపండి. ఆకుపచ్చ ఎరుపును చంపుతుంది, మొత్తం రహస్యం అక్కడే ఉంది. ఎక్కువైతే మాత్రం ముఖం నాచు పట్టినట్టు అవుతుంది కాబట్టి వెలుగులో చూస్తూ కలపండి. తడి స్పాంజితో రుద్దకుండా అద్దండి. చెంపలు, ముక్కు కొన, చెవులు, పెదవులు, మెడ ముందు భాగం, చేతి వేళ్ళు. చర్మం కింద నుంచి కనబడాలి. పొర మందమైతే అది మేకప్ అని తెలిసిపోతుంది. పైన మెరిసే పౌడరు వేయొద్దు.

కళ్ళకు కాటుక పూర్తిగా మానేయండి. నల్లరంగు కంటి కింద గాయంలానో అలంకారంలానో కనిపిస్తుంది కానీ నీరసంలా కనిపించదు. నటుణ్ణి నడినెత్తి మీద ఒక్క బల్బు వెలిగే చోట కూర్చోబెట్టండి. ఆయన ముఖంలో సహజంగా నీడ ఎక్కడ పడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో చోట పడుతుంది. ఆ నీడనే మెరూన్, ముదురు గోధుమరంగు కలిపి సన్న బ్రష్‌తో గట్టిపరచండి. ముక్కు పక్కన ఉండే మూల దగ్గర ముదురుగా, బయటికి వచ్చేకొద్దీ పల్చగా ఉండాలి. అంచును వేలితో అద్ది కలిపేయండి. అదే రంగు పై రెప్ప మీద చాలా పల్చగా వేస్తే కళ్ళు బరువెక్కినట్టు ఉంటాయి. కింది వెంట్రుకల వరుసకు బయట, చర్మం మీద, సన్నగా ఎర్ర పెన్సిల్ గీత వేసి చెరిపేస్తే నిద్రలేని కన్ను వస్తుంది. కంటి లోపలి అంచున ఏదీ పెట్టొద్దు.

పెదవుల మీద అదే ఫౌండేషన్ అద్ది, పౌడరు చిలకరించి, గోధుమరంగు పెన్సిల్‌తో నిలువుగా సన్న గీతలు నాలుగైదు వేయండి. మూలల్లో కొంచెం తెలుపు పెట్టండి. ఎండిన పెదవులు వస్తాయి. నటుడికి సీను అయ్యేదాకా టీ ఇవ్వొద్దు, నాలుకతో తడుపుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు మీ మలేరియా

మలేరియా జ్వరం పుస్తకాల్లో రాసిన ప్రకారం మూడు దశల్లో నడుస్తుంది. మూడింటికీ ముఖం వేరు. ఇది పట్టుకోకపోవడం వల్లే చాలా నాటకాల్లో జ్వరం అబద్ధంలా ఉంటుంది.

మొదట చలి దశ. పదిహేను నిమిషాల నుంచి గంట దాకా వణుకు. ముఖం పాలిపోయి, చర్మం పొడిగా, పెదవులూ గోళ్ళూ కొంచెం నీలం తిరుగుతాయి. ఇక్కడ ఊదా రంగులో బూడిద రంగు కలిపి పెదవుల మధ్యన, గోళ్ళ మొదళ్ళలో నీళ్ళలా పల్చగా వేయండి. ఈ దశలో చెమట చుక్క ఉండకూడదు. మిగతా పని దుప్పటి, పళ్ళ వణుకు చూసుకుంటాయి.

తర్వాత వేడి దశ. రెండు నుంచి ఆరు గంటల దాకా ఒళ్ళు కాలిపోతుంది, తల పగిలిపోతుంది, వాంతులు కావచ్చు. చర్మం వేడిగా ఉంటుంది, కానీ పొడిగానే ఉంటుంది. చాలామంది జ్వరం నెత్తికెక్కిన సీనులోనే నుదుటి నిండా చెమట చిలకరిస్తారు. అది తప్పు. ముఖంలోకి రక్తం ఎగదన్నే దశ ఇది. ఎర్రటి మనుషులకు చెంపలు ఎర్రబడతాయి, మన ఛాయకు మాత్రం ముఖం కందినట్టు ముదురుతుంది. అందుకని గులాబీ రంగు రూజ్ వద్దు. ఇటుక రంగు తీసుకుని చెంపల పైభాగం, నుదురు, చెవుల మీద పల్చగా అద్దండి. చలి దశలో చెవుల్లో చంపేసిన ఎరుపును ఇక్కడ తిరిగి తెస్తున్నామన్నమాట. కళ్ళు ఎర్రగా, తడిగా మెరవాలి. దానికి సినిమావాళ్ళు వాడే మెంథాల్ స్టిక్ ఉంటుంది. కంటికి బొటనవేలి వెడల్పు కింద, చర్మం మీద ఒక్కసారి రాస్తే ఆవిరికి కళ్ళు చెమ్మగిల్లుతాయి. తలనొప్పి బామ్ రాసే అలవాటు కొందరికి ఉంది. అది పొరపాటున కంట్లో పడితే ఆ రోజుకు ఆ నటుడు పనిచేయలేడు.

మూడోది చెమట దశ. రెండు నుంచి నాలుగు గంటలు. జ్వరం దిగుతుంది, బట్టలు తడిసిపోతాయి, మనిషి సోలిపోతాడు. మీ గ్లిజరిన్ ఇక్కడ వాడండి. గ్లిజరిన్, నీళ్ళు సగం సగం కలిపి చిన్న స్ప్రే సీసాలో పోయండి. నటుడు కళ్ళు మూసుకున్నాక నుదురు, పై పెదవి మీద, మెడ, గొంతు గుంట దగ్గర చిలకరించండి. ఉత్త నీళ్ళు జారిపోయి ఆరిపోతాయి, గ్లిజరిన్ బిందువులు నిలబడతాయి. చొక్కాకు వీపు మీద, చంకల్లో మామూలు నీళ్ళు చాలు. ఇది అన్నిటికంటే చివర చేయాల్సిన పని, చిలకరించాక ముఖాన్ని ముట్టుకోవద్దు.

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారమ్ రకంలో ఈ మూడు దశలూ ఇంత వరసగా, గడియారం పెట్టినట్టు రావు. జ్వరం రోజంతా ఉండొచ్చు. కాబట్టి నాటకంలో మూడింటినీ చూపించి తీరాలని లేదు. మీ సీను ఏ గంటలో జరుగుతోందో రచయితను అడిగి, ఆ ఒక్క ముఖమే చేయండి. మూడు దశల లక్షణాలూ ఒకే ముఖం మీద కలిపితే ఏదీ నమ్మబుద్ధి కాదు. నాలుగో రోజు సీను ఉంటే, అప్పటికి ఎర్ర రక్తకణాలు చితికి ఉంటాయి కాబట్టి పాలిపోవడం ఎక్కువ చేసి, రెప్పల మూలల్లో అతి కొంచెం పసుపు కలపొచ్చు.

జుట్టు, గడ్డం, బట్టల గురించి ఒక్క మాట. పడుకుని లేచిన రోగికి వెనక జుట్టు అణిగి ఉంటుంది, ముందు జుట్టు నూనె కారినట్టు నుదుటికి అంటుకుంటుంది. మీ నటుణ్ణి షూటింగ్ ముందు గడ్డం గీసుకోవద్దని ఇప్పుడే చెప్పండి. నిజంగా పెరిగిన గడ్డాన్ని మించిన మేకప్ లేదు. చొక్కా ఒక సైజు పెద్దది వేయండి. కాలరు మెడ చుట్టూ వదులుగా ఉంటే మనిషి చిక్కిపోయినట్టు దూరం నుంచే తెలుస్తుంది. రంగుతో గంటసేపు కష్టపడినా అంత ప్రభావం రాదు.

కామెర్లు, సికిల్ సెల్, అతిసారం

మీరు అడగలేదు కానీ ఆరోగ్య నాటకాలు వేసేవాళ్ళకు తర్వాత ఇవే వస్తాయి. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక ఆ జబ్బు మీద నాటకాలు వేస్తామని నా దగ్గరికి వచ్చేవాళ్ళు పెరిగారు.

కామెర్లలో పసుపు ముందు కంటి తెల్లగుడ్డులో కనిపిస్తుంది. అక్కడ రంగు వేయలేం. కనుగుడ్డు మొత్తం కప్పే రంగు లెన్సులు ఉన్నాయి కానీ అవి కంటి డాక్టరు కొలత చూసి పెట్టాల్సినవి, వీధినాటకానికి వాటి జోలికి పోవద్దు. ఇక ముఖానికి వంటింటి పసుపు రాసేవాళ్ళున్నారు. మన ఊళ్ళలో పసుపు రాసుకున్న ముఖం చూస్తే పేరంటమో పెళ్ళో గుర్తొస్తుంది, జబ్బు గుర్తుకు రాదు. దానికి బదులు పసుపులో ఆలివ్ కలిసిన క్రీమ్‌ను రెప్పల మూలల్లో, ముక్కు పక్కన, అరచేతుల్లో, మెడ మీద పల్చగా అద్దండి. పెదవుల ఎరుపు చంపండి. లైటు సంగతి ఇంకా ముఖ్యం. పసుపు బల్బు కింద కామెర్లు పూర్తిగా మాయమవుతాయి. డాక్టర్లు కూడా వీలైతే కిటికీ దగ్గర పగటి వెలుగులో చూస్తారు. మీరూ వరండా నీడలో పగటిపూట తీయండి.

సికిల్ సెల్ రోగిని చూపించేటప్పుడు రంగు చాలా తక్కువ పెట్టండి. కొద్దిగా పాలిపోవడం, కొద్దిగా పసుపు, అంతే. ఆ జబ్బుకు అసలు ముఖం నొప్పి. కీళ్ళు, నడుము, ఛాతీ పట్టేసే నొప్పిని నటుడే చూపించాలి. మేకప్ ఎక్కువైతే ప్రేక్షకుడు రంగు చూస్తాడు, నొప్పి చూడడు.

2022లో మా జిల్లా కాశీపూర్ వైపు కలరా వచ్చింది. ఆ తర్వాత అతిసారం మీద వేసిన ఒక నాటకానికి మేకప్ చేశాను. ఒంట్లో నీరు పోయిన మనిషికి కళ్ళు లోపలికి పోతాయి, నాలుక ఎండుతుంది, కన్నీళ్ళు కూడా రావు. అక్కడ మెరుపు అనేదే ఉండకూడదు. గ్లిజరిన్ సీసా పెట్టెలోనే ఉంచి, ముఖమంతా పౌడరుతో మెరుపు చంపి, కంటిగుంటలు మాత్రం ముదురు చేశాను. ఓఆర్ఎస్ తాగాక వచ్చే సీనులో పెదవులకు కొంచెం నూనె రాశాం. అంత చిన్న మార్పుకే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తేడా గుర్తుపట్టి ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ప్రచార నాటకానికి కావలసింది ఇదే.

టీబీ, నెత్తురు

టీబీ అంటే చిక్కిపోవడం. కణతలు, దవడ ఎముక కింద, మెడ పక్కలు, గొంతు ఎముకల పైన గుంటలు, చేతి వెనక నరాల మధ్య పల్లాలు. నటుడి ఛాయకంటే రెండు షేడ్లు ముదురు, ఎరుపు లేని గోధుమరంగుతో గుంటలు వేసి, ఎముక మీద ఒక షేడు లేత రంగు పెట్టండి. గుండ్రటి ముఖం ఉన్న నటుడికి ఇది వేయొద్దని నా సలహా. బొద్దు చెంప మీద గీసిన గుంట మురికిలా కనిపిస్తుంది. సన్నటి మనిషిని ఎంచుకోండి, లేదంటే శాలువా కప్పి మెడ, చేతులు మాత్రం చేయండి.

నెత్తురు దగ్గరికి వస్తే అందరూ గ్లాసుడు కావాలంటారు. దగ్గులో వచ్చే నెత్తురు ఎక్కువగా కఫంలో జీరల్లా ఉంటుంది, ఎర్రగా, కాస్త నురగతో ఉంటుంది. కడుపు నుంచి వాంతిలో వచ్చేది నల్లబడి కాఫీ పొడిలా ఉంటుంది. రెండూ వేరు జబ్బులు. టీబీ రోగి నల్లటి నెత్తురు కక్కితే చూసిన ఆశా కార్యకర్త కూడా తల అడ్డంగా ఊపుతుంది. నెత్తుర్ని నోట్లో పెట్టకండి, తెల్ల చేతిరుమాలులో ముందే పెట్టండి. దగ్గుతూ రుమాలు అడ్డం పెట్టుకుని తీసి చూసుకుంటే చాలు.

తయారీకి చిక్కటి చక్కెర పాకం లేదా లిక్విడ్ గ్లూకోజ్, తినే ఎర్ర రంగు, చిటికెడు కోకో పొడి. కోకో లేకపోతే రంగు షర్బత్‌లా ఉంటుంది. పాత మరక కావాలంటే కోకో ఎక్కువ వేయండి, ఆరిన నెత్తురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంటర్నెట్‌లో అమెరికా మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ పేరుతో ఒక నెత్తురు ఫార్ములా తిరుగుతుంటుంది. సినిమాల్లో గొప్ప పేరున్న ఫార్ములాయే కానీ, అందులో ఫోటో ఫిల్ము కడిగే ఫోటో-ఫ్లో అనే ద్రవం ఉంటుంది. అది విషం, నోటి దగ్గరికి రాకూడదు. కుంకుమ, సింధూరం, హోలీ రంగులూ అంతే. సింధూరంలో సీసం ఉండే ప్రమాదం ఉంది.

పొక్కులు

పాతకాలం కథల్లో అమ్మవారు పోసిన సీను ఉంటుంది. మశూచికి, ఆటలమ్మకు తేడా తెలిసి చేయండి. మశూచి పొక్కులు ముఖం, చేతులు, కాళ్ళ మీద ఎక్కువ, ఒక చోట ఉన్నవన్నీ ఒకే వయసులో ఉంటాయి. ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువ, కొన్ని కొత్తవి, కొన్ని నీరు పట్టినవి, కొన్ని ఎండినవి కలిసి ఉంటాయి. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది, ప్రపంచంలో లేదని 1980లో ప్రకటించారు. అందుకని ఈ రోజుల్లో జరిగే కథలో మశూచి ముఖం పెట్టకూడదు.

పొక్కుకు మాత్రం పైన ఏదో ఒకటి పెట్టాల్సి వస్తుంది. కనురెప్పల వెంట్రుకలు అంటించే జిగురును చుక్కలుగా పెట్టి, ఆరాక చుక్క మొదలు దగ్గర ఎరుపు, కొనన లేత పసుపు అద్దండి. చుక్కలు వరసగా, సమదూరంలో రాకూడదు. చెక్క జిగురు చర్మానికి వాడొద్దు. జెలటిన్ కరిగించి పోసే పద్ధతి బాగుంటుంది కానీ వేడికీ చెమటకీ కరిగిపోతుంది. మే నెలలో బరంపురంలో అది ఒక సీను కూడా నిలవదు. చలికాలంలో కోరాపుట్ కొండల మీద అయితే హాయిగా వాడుకోవచ్చు.

వేదిక వేరు, ఫోన్ వేరు

బరంపురం ఠాకురాణీ యాత్రలో వేషాలు చూసే ఉంటారు. జనం మధ్యలో, దూరం నుంచి, కదులుతుండగా కనబడాలి కాబట్టి ఆ రంగులు అంత గాఢంగా ఉంటాయి. వీధినాటకానికి కూడా నీడలు ఒక మోతాదు పెంచండి. పది అడుగుల దూరం నుంచి చూసి ఒప్పుకోండి, అద్దంలో చూసి కాదు. అదే ముఖంతో ఫోన్ ముందుకు వస్తే మాత్రం అతిగా ఉంటుంది. నాటకం, సినిమా ఒకే రోజు పెట్టుకోకండి. పెట్టుకుంటే ముందు సినిమా తీసి, దాని మీదే రంగు పెంచి నాటకానికి వెళ్ళండి. తగ్గించడం కష్టం, పెంచడం తేలిక.

ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేయండి. చర్మం నునుపు చేసే ఆ సౌకర్యం మీరు వేసిన రోగాన్ని నయం చేసేస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే పసుపును సరిచేసేస్తుంది, లాక్ చేయండి. ప్రతి సీనుకీ మేకప్ అయ్యాక ఒకే చోట, ఒకే వెలుతురులో ముఖం, రెండు చేతుల ఫోటోలు తీసుకుని సీను నంబరు రాసి పెట్టుకోండి. వారం తర్వాత మిగిలిన షాట్ తీయాల్సి వస్తే అవే దిక్కు.

ఉక్కపోత మనకు పెద్ద సమస్య. చలి దశ తీస్తుంటే నటుడికి నిజం చెమట పట్టేస్తుంది. ఆ సీన్లు తెల్లవారుజామున పెట్టుకోండి, మధ్యలో మెడ వెనక చల్లటి తడిగుడ్డ వేయండి. ఆల్కహాల్‌తో తడిపి వాడే రంగుల పలకలు చెమటకు చెదరవు. ఖరీదు ఎక్కువ, కంటి దగ్గర వాడకూడదు, మొదటి నాటకానికి కొనమని చెప్పను.

జాగ్రత్తలు

పాత నాటకాల పెట్టెల్లో ఇప్పటికీ అర్దళం కనిపిస్తుంది. చక్కటి పసుపు ఇస్తుంది కానీ అది పాషాణం జాతి, ఆర్సెనిక్ ఉన్నది. పెద్దవాళ్ళు వాడారని మీరు వాడొద్దు. ఇంగిలీకం కూడా వద్దు, అందులో పాదరసం ఉంటుంది. కొత్త రంగు, జిగురు ఏదైనా ముందు రోజు మోచేతి మడతలో రాసి ఇరవై నాలుగు గంటలు చూడండి. కళ్ళకలక తిరిగే రోజుల్లో ఒకరి స్పాంజి, బ్రష్ ఇంకొకరికి వాడితే మొత్తం బృందం పడుకుంటుంది. తీసేటప్పుడు ముందు కొబ్బరినూనె పూసి మెత్తబడ్డాక గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు.

ఇంకొకటి, నాకు చాలా పట్టింపు ఉన్న విషయం. మీరు వెళ్ళే గూడేల్లో ఆ జబ్బు ఉన్నవాళ్ళు మీ ముందే కూర్చుని ఉంటారు. ఒక ఊళ్ళో టీబీ పాత్రను ఎవరో మేకప్‌మ్యాన్ భయంకరంగా తయారు చేశారు. నాటకం అయ్యాక పిల్లలు అదే ఊళ్ళో మందులు వాడుతున్న పెద్దాయన్ను చూసి దూరం జరగడం నేను చూశాను. మందు వేసుకోమని చెప్పడానికి వెళ్ళి ఆ మనిషిని ఊరికి దూరం చేసి వచ్చినట్టయింది. రోగిని చూస్తే దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించాలి. కుష్ఠు లాంటి వాటి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి, గాయాలు చూపించకుండా కూడా కథ చెప్పొచ్చు. మేకప్‌తో ఊళ్ళో నడవాల్సి వస్తే ముందే నలుగురికి చెప్పండి, నిజం రోగి అనుకుని జనం కంగారుపడతారు.

చివరగా మీ కథలో కోలుకునే సీను. చాలా బృందాలు అక్కడ మేకప్ మొత్తం కడిగేసి, తల దువ్వి, కొత్త చొక్కాతో పంపుతాయి. నిన్న సోలిపోయిన మనిషి ఇవాళ పెళ్ళికొడుకులా వస్తే మందు పనిచేసిందన్న నమ్మకం రాదు. జ్వరం తగ్గినా రక్తం పుంజుకోవడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఈ వరసలో తీయండి. ముందు చెమట, మెరుపు తీసేయండి, పెదవుల పగుళ్ళు చెరిపి కొంచెం తడి ఇవ్వండి, కళ్ళ ఎరుపు తీసేయండి. కళ్ళ కింద నీడ సగమే తగ్గించండి. చెంపల, గోళ్ళ పాలిపోవడం అలాగే ఉంచండి, వదులు చొక్కా కూడా మార్చొద్దు. గడ్డం గీయించి తల దువ్వించండి, లేచి తిరుగుతున్నాడని చెప్పడానికి అది సరిపోతుంది. నటుడు ఆ సీనులో మాత్రల కోర్సు మధ్యలో ఆపకుండా పూర్తి చేస్తున్నట్టు చూపిస్తే ముఖంలో మిగిలిన నీరసం ఆ మాటకు బలం ఇస్తుంది.

రిహార్సల్‌లో ఒకసారి చేసి ఫోటో ఇక్కడ పెట్టండి. ఒకటి పగటి నీడలో, ఒకటి మీరు నాటకానికి వాడే లైటు కింద తీయండి. చేతులు కూడా కనిపించాలి. రంగు ఎక్కడ ఎక్కువైందో చూసి చెబుతాను.